చేయి పెడితే కొరుకుతోందా? ముందు అది ఏం చెబుతోందో వినండి

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నాను. ఇంట్లోకి ఒక పిట్టను తెచ్చుకుని, దాన్ని చేతి మీద కూర్చోబెట్టుకోవాలని మస్తు ఆశపడి, చివరికి వేలికి బ్యాండేజీ చుట్టుకున్న వాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. రీల్స్‌లో చూస్తే పిట్ట భుజం మీద కూర్చుంటుంది, చెవిలో పాట పాడుతుంది, తల వంచి గోకమంటుంది. మన ఇంట్లో మాత్రం పంజరంలో చేయి పెట్టగానే కటుక్కున కొరుకుతుంది. అప్పుడు మనకు వచ్చే మొదటి ఆలోచన "దీనికి పొగరు" అని. రెండోది "షాపువాడు మనల్ని మోసం చేసిండు" అని. మూడోది "వదిలేద్దాం, ఎటైనా ఎగిరిపోతది" అని.

నేను ఏడేళ్ళుగా పిట్టల్ని పెంచుతున్నాను. చుట్టుపక్కల కాలనీల్లో ఎవరి పిట్ట కొరికినా నాకు ఫోన్ వస్తుంది. ఇన్నేళ్ళలో నాకు అర్థమైనది ఒక్కటే మాట. కొరకడం పిట్ట ఆఖరి మాట. అంతకుముందే అది నాలుగైదు సార్లు చెప్పి ఉంటుంది, మనకు వినపడలేదు అంతే. ఆ ముందు మాటలు వినడం మనం నేర్చుకుంటే, దానికి కొరకాల్సిన అవసరమే పడదు. కంకి ఎట్లా పట్టుకోవాలి, వేలు ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ దాని తర్వాతే.

సరే, మొదట ఒక ప్రశ్న. మీ పంజరంలో ఉన్నది ఏ పిట్ట? మన దగ్గర అన్నిటినీ కలిపి "లవ్ బర్డ్స్" అనేస్తారు. అరచేతిలో పట్టేంత చిన్నగా, తల వెనక నుంచి రెక్కల దాకా సన్న సన్న నల్ల గీతలు ఉంటే అది బడ్జెరిగర్, ముద్దుగా బడ్జీ. దాని సొంతూరు ఆస్ట్రేలియా. నెత్తి మీద కుచ్చు, బుగ్గ మీద నారింజ రంగు చుక్క ఉంటే కాకటీల్. అదీ ఆస్ట్రేలియాదే. అసలు లవ్ బర్డ్ అంటే ఆఫ్రికా పిట్ట, తోక పొట్టిగా, ముక్కు బలంగా ఉంటుంది. బడ్జీ కొరికితే ఎక్కువసార్లు నొప్పితో పోతుంది. కాకటీల్, లవ్ బర్డ్ గట్టిగా కొరికితే రక్తం వస్తుంది.

ఇవేవీ కాదు, పచ్చటి ఒళ్ళు, ఎర్ర ముక్కు, పొడుగు తోక ఉన్న మన రామచిలుక అయితే మాత్రం, దాన్ని మచ్చిక చేసే చిట్కాలు నేను చెప్పను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. అమ్మకానికి వచ్చే రామచిలుకలు చెట్టు తొర్రలోంచి పిల్లలుగా తీసినవో, వల వేసి పట్టినవో అయి ఉంటాయి. అది మిమ్మల్ని కొరికితే దాన్ని మచ్చిక చేయడం కాదు, అటవీ శాఖ వాళ్ళకు అప్పజెప్పడమే పని. భద్రాచల రామదాసు కథ మీ అమ్మమ్మ కూడా చెప్పే ఉంటుంది. ఆయన గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఎందుకున్నాడంటే, పోయిన జన్మలో ఒక చిలకను పన్నెండేళ్ళు పంజరంలో పెట్టినందుకట. నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు లేదు. కానీ పంజరం సంగతిలో మన జనం చట్టం కంటే ఎంతో ముందే లెక్క తేల్చుకున్నారు.

ఇక బడ్జీలు, కాకటీళ్ళు, లవ్ బర్డ్స్ సంగతికి వద్దాం. అవి ఎందుకు కొరుకుతాయి?

దాని వైపు నుంచి చూడండి. పిట్టకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది. ఎందుకంటే అది వేటాడే ప్రాణి కాదు, వేటకు చిక్కే ప్రాణి. అడవిలో దాని మీదకు పైనుంచి వేగంగా దిగేది ఏంటి? గద్ద. మన చేయి పంజరంలోకి ఎట్లా పోతుంది? పైనుంచి, వేళ్ళు చాపుకుని, వేగంగా. దానికి మీ ప్రేమ కనిపించదు, ఐదు గోళ్ళున్న గద్ద కాలు కనిపిస్తుంది.

ఇంకోటి, అది మీ ఇంటికి రాకముందు చూసిన చేతులు ఏవి? షాపులో గుప్పిట్లో పట్టి, అట్టపెట్టెలో పడేసిన చేతులు. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కన ముర్గీ చౌక్ ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ అయినా, మన దగ్గర చిన్న షాపులో అయినా పద్ధతి ఒకటే, గుప్పిట్లో పట్టడమే. చేయి అంటే పట్టుకునేది, పట్టుకుంటే ప్రాణం మీదకు వచ్చేది, ఇదే దానికి తెలిసిన పాఠం.

మూడోది రెక్కలు. ఎగరకుండా రెక్కలు కత్తిరించి ఇస్తారు, మచ్చిక తొందరగా అవుతుందని చెప్తారు. ఆలోచించండి, భయమేస్తే పిట్ట మొదట చేసే పని ఎగిరిపోవడం. ఆ దారి మీరు మూసేశారు. ఇక మిగిలింది ముక్కు ఒక్కటే. కత్తిరించిన రెక్క ఈకలు పాతవి రాలి కొత్తవి వచ్చినప్పుడు మళ్ళీ పెరుగుతాయి. కాబట్టి ఇంకోసారి కత్తిరించకండి.

నాలుగోది చాలామందికి తట్టదు. పంజరంలో కుండ. షాపువాడు పంజరంతో పాటు చిన్న మట్టికుండ ఇస్తాడు, పడుకుంటుందని. పిట్ట కుండలో పడుకోదు, అది గుడ్లు పెట్టే గూడు. కుండ ఉందంటే దాని ఒంట్లో జత కట్టే కాలం మొదలైనట్టే. గూటి దగ్గరకు ఎవరు వచ్చినా కొరుకుతుంది, అది దాని ధర్మం. గుడ్లు, పిల్లలు లేకపోతే కుండ తీసేయండి, అద్దం ఉంటే అదీ తీసేయండి. ఉంటే మాత్రం ఆ పిల్లలు పెరిగి బయటికొచ్చే దాకా చేయి పెట్టే ప్రయత్నమే వద్దు. కొన్ని ఇళ్ళల్లో కుండ తీసేసిన రెండు మూడు వారాలకే సగం సమస్య పోవడం నేను చూశాను.

ఇప్పుడు ఒక కాకటీల్ సంగతి చెప్తా. మా పక్క కాలనీలో ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మా బాపు పిట్టను ఇడిసిపెడ్తా అంటుండు, జర రా అన్నా" అని. వెళ్ళాను. రెండు గదుల క్వార్టర్. బాపు బొగ్గుబాయిలో టింబర్‌మన్. రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చి పడుకుంటాడు. పిట్ట అదే గదిలో, సరిగ్గా ఆయన మంచం పక్కన. పిల్లగాడు కాలేజీకి పోగానే అరుపు మొదలు. ఆయన లేచి పంజరం మీద ఒకటి కొడతాడు, అది ఇంకా అరుస్తుంది. ఓ రోజు నీళ్ళ గిన్నె మార్చబోతే ఆయన బొటనవేలు పట్టి లాగింది, రక్తం వచ్చింది. ఆయన మాట సూటిగా ఉంది. "గీ పిట్ట ఒక్క గంట నిద్ర పోనిస్తలేదు. ఐతారం నాడు గోదారి ఒడ్డుకు తీస్కపోయి ఇడిసిపెడ్త. దాని బతుకు అది బతుకుతది."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి ఫ్రెండ్స్, ఎందుకంటే ఈ మాట చాలా ఇళ్ళల్లో అంటారు, పుణ్యం అనుకుంటారు. కాకటీల్, బడ్జీ మన అడవి పిట్టలు కావు. తరతరాలుగా పంజరంలో పుట్టినవి. గింజ ఎక్కడ దొరుకుతుందో తెలియదు, నీళ్ళు ఎక్కడో తెలియదు. తెల్లగా, పసుపుగా ఉన్నది కాకికి దూరం నుంచే కనిపిస్తుంది. అట్లా వదిలితే అది రెండు మూడు రోజులు నిలవడం కూడా కష్టమే. స్వేచ్ఛ ఇచ్చామని మనం అనుకుంటాం, చంపడానికి ఇచ్చినట్టే. పెంచలేకపోతే పెంచగలిగే ఇంటికి ఇవ్వండి. గాలిలోకి మాత్రం వదలకండి.

ఇదే ఆయనకు చెప్పాను. నిద్ర లేని మనిషికి ఎంత చెప్పినా ఎక్కదు కదా. అప్పుడు అడిగాను, "కాకా, బాయిల పైకప్పు కూలేముందు ఏమన్న తెలుస్తదా?" అని. ఆయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. "తెల్వకపోతె మేం ఇండ్లకు వస్తమా? కప్పు ఊర్కెనే కూలది బిడ్డా. ముందుగాల చిటచిట సప్పుడైతది, పెళ్ళలు రాల్తయ్, కింద నిలబెట్టిన దుంగలు మూల్గుతయ్. కట్టెతోని కొట్టి సూస్తే డొల్ల సప్పుడొస్తది. ఇన్నోడు బయటికొస్తడు."

"పిట్టదీ గదే లెక్క కాకా" అన్నాను. అని తమ్ముడి ఫోన్ తీసుకుని ఒక పని చేశాను. ఈ పని మీరు కూడా చేయండి, ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఫోన్‌ను పంజరానికి నాలుగడుగుల దూరంలో ఒక డబ్బాకు ఆనించి స్లో మోషన్‌లో వీడియో పెట్టాం. పిట్ట ఫోన్‌కు అలవాటు పడేదాకా ఆగి, తమ్ముడు గది ఆ చివర నుంచి మెల్లగా పంజరం వైపు నడిచాడు. చేయి లోపల పెట్టలేదు, బయటే ఆగాడు. తర్వాత ముగ్గురం కూర్చుని ఆ వీడియో చూశాం.

ఏం కనిపించింది? తమ్ముడు ఇంకా ఐదారు అడుగుల దూరంలో ఉండగానే పిట్ట తినడం ఆపేసింది. ఇది మొదటి మాట. రెండోది, ఒంటి ఈకలన్నీ శరీరానికి అతుక్కుపోయి పిట్ట సన్నగా, పొడుగ్గా అయింది. మూడోది, కడ్డీ మీద కొంచెం వెనక్కి వాలింది. నాలుగోది, నెత్తి మీద కుచ్చు తలకు అంటుకుపోయింది. ఐదోది, నోరు తెరిచి బుస్సుమంది. చేయి అక్కడ కూడా ఆగకుండా ముందుకు పోయి ఉంటే ఆరోది కాటు. బాపు వీడియోను ఇంకోసారి వేయమని, ఒక్కొక్కటి వేలు మడిచి లెక్కపెట్టాడు. "ఐదు సార్లు చెప్పింది గద" అన్నాడు. ఆ తర్వాత, "సరే, వచ్చే జీతం దాకా సూస్త" అన్నాడు. అంటే నెల రోజులు మా చేతికి వచ్చాయి.

కాకటీల్ కుచ్చు చదవడం తేలిక. సగం లేచి ఉంటే నిమ్మళంగా ఉన్నట్టు. నిటారుగా లేస్తే ఉలిక్కిపడినట్టు. తలకు అతుక్కుని, దాంతో పాటు బుస్ కొడితే "వెనక్కి పో" అని. బడ్జీకి, లవ్ బర్డ్‌కు కుచ్చు ఉండదు కాబట్టి ఒళ్ళు చూడండి. ఈకలు బిగుసుకుని సన్నబడటం, వెనక్కి వాలడం, నోరు తెరిచి మెడ చాచడం. ఇవి కనిపించిన చోట మీ చేయి ఆగాలి. ఇదే మొత్తం విద్య.

ఇప్పుడు నెల రోజుల పని వరుసగా చెప్తాను.

మొదటి వారం చేయి పని లేదు. పంజరాన్ని బాపు మంచం పక్కనుంచి ముందు గదిలోకి మార్చాం. నేల మీద కాదు, మన ఛాతీ ఎత్తులో, ఒక పక్క గోడకు ఆనించి. నాలుగు వైపులా ఖాళీగా ఉంటే దానికి ఎటునుంచి ఎవరొస్తారో అని భయం. ఇంకో ముఖ్యమైన విషయం నిద్ర. పిట్టకు రాత్రి పది నుంచి పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. మన షిఫ్టుల ఇళ్ళల్లో రెండో షిఫ్టు చేసినోళ్ళు రాత్రి పదకొండు దాటాక వస్తారు, లైటు, టీవీ, అన్నం, మాటలు. పిట్ట కూడా అందరితో పాటు జాగారం. నిద్ర చాలని పిట్ట కొరుకుతుంది, నిద్ర చాలని మనిషి కసురుకున్నట్టే. అందుకే పొద్దుగూకాక పంజరం మీద పల్చటి నూలు బట్ట మూడు పక్కలా కప్పి, లైటు పడని మూలకు పెట్టమన్నాను.

అరుపు సంగతి కూడా చెప్పాలి. కాకటీల్ గుంపులో బతికే పిట్ట. మనిషి కనిపించకపోతే "ఎక్కడున్నారు?" అని పిలుస్తుంది. జవాబు రాకపోతే గొంతు పెంచుతుంది. పంజరం మీద కొడితే దానికి అదీ ఒక జవాబే, ఇంకా అరుస్తుంది. పక్క గదిలోంచి ఒక చిన్న ఈల, ఎప్పుడూ ఒకటే ఈల, జవాబుగా వేయండి. నెమ్మదిగా అదీ అరుపు మాని ఆ ఈలే వేస్తుంది. ఆ ఇంట్లో తమ్ముడి అమ్మ ఆ పని చేసింది.

ఆ వారమంతా తమ్ముడు రోజూ రెండుసార్లు పంజరం పక్కన కూర్చుని ఫోన్ చూసుకున్నాడు, చదువుకున్నాడు, మెల్లగా మాట్లాడాడు. అంతే. పిట్ట వైపు కళ్ళు పెట్టి గుచ్చి చూడొద్దు, కెమెరా దాని మొహంలో పెట్టొద్దు. మీరు పక్కన ఉండగా అది తినడం, ఈకలు దువ్వుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెడితే, మొదటి మెట్టు అయినట్టు.

రెండో వారం కంకి. ఆన్‌లైన్‌లో స్ప్రే మిల్లెట్ అని ఎక్కువ ధరకు అమ్మేది ఏంటో తెలుసా? మన కొర్ర కంకే. పొడుగాటి కంకి ఒకటి తీసుకుని, ఆ చివర పట్టుకుని, ఈ చివర పంజరం ఊచల్లోంచి లోపలికి పెట్టండి. పిట్టకు మీ చేతికి మధ్య జానెడు దూరం ఉంటుంది. అది రాకపోతే తోయొద్దు, కదపొద్దు. ఐదు నిమిషాలు చూసి తీసేయండి, సాయంత్రం మళ్ళీ. మామూలు గిన్నెలో కొర్రలు వేయకండి, కొర్రలు చేతి దగ్గర మాత్రమే దొరకాలి. అట్లాగని ఆకలితో మాడ్చొద్దు. చిన్న పిట్ట ఒళ్ళు ఆకలికి ఆగదు, ఒక్క రోజు తిండి లేకపోయినా ప్రాణం మీదకు వస్తుంది. గిన్నెలో మామూలు గింజ ఎప్పుడూ ఉండాలి. పొద్దున్నే, అది కడుపు నిండా తినకముందు కూర్చుంటే చాలు.

ఆ కాకటీల్ నాలుగో రోజు ఒక్క గింజ పీక్కుని పరుగెత్తింది. ఆరో రోజు నిలబడి తిన్నది. ప్రతి రోజూ కంకిని ఒక వేలెడు పొట్టిగా పట్టుకుంటూ పోయాడు తమ్ముడు.

మూడో వారం తలుపు తెరవాలి. చేయి పైనుంచి కాదు, కింద నుంచి, పక్క నుంచి, పిట్ట ఛాతీ ఎత్తు కంటే కొంచెం తక్కువలో. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చేయి ముందుకు పోతుంటే పిట్ట ఎక్కడ వెనక్కి వాలుతుందో అక్కడే ఆపండి. వెంటనే లాగేయొద్దు, ముందుకూ పోవద్దు. అది ఈకలు వదులు చేసి నిమ్మళించగానే, అప్పుడు మీరు చేయి వెనక్కి తీయండి. దానికి ఏం అర్థమవుతుంది? "నేను కొరకకపోయినా, నిమ్మళంగా ఉన్నా చేయి పోతుంది" అని. మొదటిసారి దాని మాట చెల్లింది. మాట చెల్లిన పిట్ట కొరకదు.

నాలుగో వారం పుల్ల. ముందు ఐస్‌క్రీం పుల్ల చూపించండి, దాన్ని ముక్కుతో తాకితే "శభాష్" అని ఒక గింజ ఇవ్వండి. పుల్ల ఎటు పోతే అటు నడుస్తుంది. తర్వాత వేలంత లావున్న వేపపుల్లను దాని కాళ్ళకు కొంచెం పైన, పొట్ట దగ్గర అడ్డంగా పెట్టండి, ఎక్కితే గింజ. తర్వాత ఆ పుల్ల వెనకే మీ వేలు. తర్వాత పుల్ల తీసేసి ఒక్క వేలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పిట్ట వేలు ఎక్కే ముందు ముక్కుతో వేలిని పట్టి చూస్తుంది. అది కాటు కాదు. పిట్టకు ముక్కే చేయి, కొమ్మ గట్టిదా కాదా అని పట్టి చూశాకే అడుగు వేస్తుంది. మీరు భయపడి వేలు లాగేస్తే, ఈ కొమ్మ నమ్మకం లేనిది అని దానికి తెలిసిపోతుంది. రెండోసారి గట్టిగా పట్టుకుంటుంది. వేలు కదలకుండా ఉంచండి. పిట్ట ఏ మూడ్‌లో ఉందో ఒళ్ళు చెబుతుంది. ఈకలు వదులుగా ఉంటే పట్టి చూడటం, బిగిసి ఉంటే హెచ్చరిక. ఒక్క సెషన్ ఐదు నిమిషాలు దాటొద్దు, కొరకకముందే ముగించండి.

అంతా చేసినా ఒకసారి కొరుకుతుంది అనుకోండి. అరవొద్దు, మొహం మీద ఊదొద్దు, ముక్కు మీద వేలితో కొట్టొద్దు, చేయి విదిలించొద్దు. అరుపు దానికి తమాషా కావచ్చు, దెబ్బ దానికి గద్ద. ఊపిరి బిగబట్టి, మెల్లగా దగ్గర్లో ఉన్న కడ్డీకో బల్లకో ఆనించండి, దిగిపోతుంది. తర్వాత వీడియో ఉంటే చూడండి, ఏ మాట వినలేదో తెలుస్తుంది. లెదర్ గ్లౌజులు వేసుకుని, టవల్ చుట్టి పట్టుకుని మచ్చిక చేయడం అసలే వద్దు. డాక్టర్ దగ్గరకు తీసుకుపోయేటప్పుడు తప్ప టవల్ బయటికి రాకూడదు.

గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో కడగండి. లోతుగా దిగితే డాక్టర్‌కు చూపించి టీటీ గురించి అడగండి. రేబిస్ వస్తుందా అని చాలామంది భయపడతారు. రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు, పిట్ట కాటుతో రాదు. కానీ పిట్ట రెట్ట ఎండి దుమ్మయితే, ఆ దుమ్ము పీల్చినప్పుడు సిట్టకోసిస్ అనే జబ్బు రావచ్చు. జ్వరం, పొడి దగ్గు వస్తాయి. కాబట్టి పంజరం ఊడ్చే ముందు తడపండి, తర్వాత చేతులు కడుక్కోండి. జ్వరం వస్తే "మా ఇంట్లో పిట్ట ఉంది" అని డాక్టర్‌తో చెప్పండి.

ఇన్నాళ్ళూ నిమ్మళంగా ఉన్న పిట్ట ఒక్కసారిగా కొరకడం మొదలుపెడితే అది జబ్బు కావచ్చు. ఈకలు ఉబ్బించుకుని కింద కూర్చోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగడం, తిండి మానడం, ఇవి కనిపిస్తే మచ్చిక పక్కన పెట్టి పశువైద్యుడి దగ్గరకు పోవాలి. దగ్గర్లో పిట్టలు చూసేవాళ్ళు లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది.

ఇక మన బొగ్గు బెల్ట్ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పిట్ట ఊపిరి మన ఊపిరి లాంటిది కాదు. దానికి ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు ఉంటాయి. పీల్చినప్పుడూ, వదిలినప్పుడూ కూడా దానికి తాజా గాలి అందుతుంది. అందుకే గాలిలో విషం ఉంటే మనకంటే ముందు దానికే ఎక్కుతుంది. ఇది కనిపెట్టి వాడుకున్నదే బొగ్గు గనులవాళ్ళు. బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త చెప్పాక, 1911 నుంచి గనుల్లోకి కేనరీ పిట్టల్ని పంజరంలో తీసుకుపోయేవారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పిట్ట తూలిందంటే మనుషులు బయటికి పరుగెత్తాలి. కొన్ని పంజరాలకు పైన చిన్న ఆక్సిజన్ సిలిండర్ కూడా ఉండేది, తలుపు మూసి వాల్వ్ తిప్పితే పిట్ట తేరుకునేది. తమ ప్రాణం కాపాడే పిట్ట ప్రాణం కూడా నిలబెట్టాలని చూశారు. 1986లో మిషన్లు వచ్చి ఆ పిట్టలకు సెలవు ఇచ్చారు.

దీంతో మనకు పని ఏంటి? మన కాలనీల్లో ఇప్పటికీ చలికాలం బొగ్గు కుంపటి పెట్టే ఇళ్ళు ఉన్నాయి. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడితే ముందు పిట్ట పోతుంది, తర్వాత మనుషులకూ ప్రమాదమే. పంజరం వంటింట్లో వద్దు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా బాగా కాలిపోతే వచ్చే పొగ, మనకు వాసన కూడా సరిగ్గా తెలియకముందే, పిట్టను నిమిషాల్లో చంపేస్తుంది. అగరుబత్తి, దోమల కాయిల్ దాని గదిలో వద్దు. పిట్ట బయట తిరుగుతుంటే ఫ్యాన్ ఆపాలి, కిటికీ మూయాలి.

ఎండాకాలం రామగుండం సంగతి మీకు చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు. పిట్ట రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంటే అది కోపం కాదు, వడదెబ్బ. చల్లటి గదిలోకి మార్చి, నీళ్ళు పెట్టి, కాళ్ళ మీద కొంచెం నీళ్ళు చిలకరించండి. ఆ రోజుల్లో మచ్చిక పని పొద్దున్నే ముగించాలి. ఓపెన్‌కాస్ట్ పక్కనున్న కాలనీల వాళ్ళకు బ్లాస్టింగ్ ఏ టైంకో తెలుసు. కిటికీలు అదిరే ఆ అరగంట ముందూ వెనకా చేయి పెట్టొద్దు. భయం బ్లాస్టింగ్‌ది, పేరు మీ చేతిది అవుతుంది.

ఆ కాకటీల్ ఏమైంది అంటే, జీతం రోజు వచ్చేసరికి తమ్ముడి పుల్ల ఎక్కుతోంది, వేలు ఎక్కడం లేదు. బాపు ఏమీ అనలేదు, ఐతారం ఊసూ ఎత్తలేదు. ఐదో వారం మధ్యలో వేలు ఎక్కింది. బాపు చేతి మీదకు మాత్రం ఇప్పటికీ రాదు. ఆయన షిఫ్టు నుంచి వచ్చి కంకి చూపిస్తే పంజరం మీద నిలబడి తింటుంది. కుచ్చు కొంచెం పడినా సరే, ఆయనే చేయి ఆపేస్తాడు. ఆయన వేలి మీద కాటు మళ్ళీ పడలేదు.

అందుకే ఫ్రెండ్స్, ప్రతి పిట్టా మన భుజం ఎక్కాలని రూల్ లేదు. కొన్ని నెలకు వస్తాయి, కొన్ని ఆర్నెల్లకు వస్తాయి, కొన్ని పక్కనే కూర్చుంటాయి కానీ ముట్టనివ్వవు. ముట్టుకోనివ్వని పిట్ట మచ్చిక కాలేదని కాదు, దానికి వద్దని చెప్పే ధైర్యం వచ్చిందని. ఈ రాత్రి ఒక్క పని చేయండి. ఫోన్ దూరంగా పెట్టి ఒక్క నిమిషం స్లో మోషన్ తీయండి. మీ పిట్ట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో పంజరం సైజు, కడ్డీలు, తిండి గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను, నమస్తే.